స్లాటెడ్ యాంగిల్ ర్యాక్: సామాన్ల గదికి, ఆఫీసు ఫైళ్లకి ఏది కొనాలి, ఎలా బిగించాలి

ఇంట్లో సామాన్ల గదికి, ఆఫీసులో ఫైళ్ల గదికి డబ్బుకు తగ్గ పని చేసిపెట్టే వస్తువు ఒక్కటే చెప్పమంటే స్లాటెడ్ యాంగిల్ ర్యాక్ అనే చెప్పాలి. కిరాణా కొట్ల వెనక, మందుల షాపుల్లో, గోడౌన్లలో కనబడే బూడిద రంగు ఇనుప ర్యాక్ ఇదే. నాలుగు మూలలా వరుసగా బెజ్జాలు కొట్టిన యాంగిళ్లు (L ఆకారంలో మడిచిన ఇనుప పట్టీలు), వాటి మధ్య అరలుగా వేసే రేకు ప్యానెళ్లు, నట్లు, బోల్టులు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. చెద పట్టదు, తడికి ఉబ్బదు, ఏ అరనైనా విప్పి కిందికో పైకో జరుపుకోవచ్చు, ఇల్లు మారితే విడదీసి కట్టగట్టి తీసుకుపోవచ్చు.

చిక్కంతా కొనే దగ్గరే. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే కొలతలతో పక్కపక్కన నిలబెట్టిన రెండు ర్యాక్‌ల మధ్య బరువులో 7, 8 కిలోల తేడా ఉంటుంది. కంటికి ఆ తేడా కనబడదు. ఏడాది తిరిగేసరికి ఒకదాని అరలు నడుము వంగిపోతాయి, రెండోది పదేళ్లయినా అలాగే ఉంటుంది. కాబట్టి ఈ సమీక్షలో ముఖ్యమైన భాగం రేకు మందం గురించే.

ఈ బెజ్జాల యాంగిల్ ఆలోచన డిమిట్రియస్ కొమినో అనే ఇంజనీరుది. లండన్‌లో ఆయనకు ముద్రణ వ్యాపారం ఉండేది. అవసరం మారినప్పుడల్లా బల్లలు, అరలు పగలగొట్టి కొత్తవి చేయించే బదులు, విప్పి మళ్లీ బిగించుకునే ఇనుప ముక్కలు ఉంటే బాగుంటుందని దీన్ని రూపొందించాడు. 1947లో డెక్సియన్ పేరుతో ఇది మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర ఈ ర్యాక్ కొన్న చాలామంది మొదటి రోజు బిగించిన అరలను మళ్లీ ముట్టుకోరు. సామాను మారినా అరల ఎత్తు మారదు. ఉన్న సుగుణాల్లో పెద్దదాన్ని వాడకుండా వదిలేయడమే అది.

కొనే ముందు గది ఖాళీ చేయాలి

ర్యాక్ కొన్నంత మాత్రాన గది సర్దుకోదు. చిందరవందరగా నేల మీద ఉన్న సామాను అదే చిందరవందరతో ఐదు అంతస్తులకు ఎక్కుతుంది, అంతే. ముందు గదిలోవన్నీ బయట పెట్టాలి. సంక్రాంతికి ముందు బూజులు దులిపే వారం ఈ పనికి చక్కగా సరిపోతుంది, ఎలాగూ అన్నీ కదుపుతాం కాబట్టి.

బయట పెట్టినవాటిని వాడకాన్ని బట్టి వేరు చేయండి: వారం వారం తీసేవి, పండక్కో పెళ్లికో తీసేవి, అసలు తీయనివి. మూడో రకంలో ఎక్కువ చోటు తినేది ఖాళీ అట్టపెట్టెలు. టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, కుక్కర్ పెట్టె, వాటిలోని థర్మాకోల్. వారంటీకి కావలసింది బిల్లు, వారంటీ కార్డు, సీరియల్ నంబరు. పెట్టె ఎప్పుడో కానీ అవసరం పడదు. కొత్తలో సరుకు వెనక్కి ఇచ్చే గడువు దాటగానే పెట్టెను విప్పి చదును చేసేయొచ్చు. ఇల్లు మారేటప్పుడు పనికొస్తాయనుకుంటే చదును చేసినవి పది పెట్టెలైనా గోడకీ ర్యాక్‌కీ మధ్య సందులో పడతాయి. ఆ తర్వాత చోటు తినేవి మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు, ఏ వస్తువుదో తెలియని చార్జర్లు, అడుగున ఎండిపోయిన పెయింటు డబ్బాలు. పాత చార్జర్లు, ఫోన్లు, బ్యాటరీలను చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.

ఆఫీసులో ఈ పని ఇంకా సులభం, ఎందుకంటే ఏది ఎన్నాళ్లు ఉంచాలో చట్టమే చెబుతుంది. జీఎస్‌టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం 8 ఆర్థిక సంవత్సరాల లెక్కలు ఉండాలి. కోర్టు కేసులో, అప్పీలులో ఉన్నవాటిని అది తేలేదాకా కదపకూడదు. మిగతా గడువు తీరినవాటి జాబితా రాసి, ఆడిటరుకు ఒకసారి చూపించి తీసేయండి. ప్రతి ఫైలు వీపు మీద ఏడాదితో పాటు "ఫలానా నెల దాకా ఉంచాలి" అని తేదీ కూడా రాస్తే ఏటా ఈ పని ఒక పూటలో తెమిలిపోతుంది.

ఇలా వేరు చేశాక మిగిలినవాటిని కొలవండి. అన్నింటికంటే పొడుగైనది ఎంత, లోతైనది ఎంత, బరువైనది ఎంత. ఈ మూడు అంకెలు కాగితం మీద లేకుండా షాపుకు వెళితే, షాపువాళ్ల దగ్గర ఏ సైజు ఎక్కువ నిల్వ ఉందో అదే మనకు అంటగడతారు.

లోతు: 12, 15, 18, 24

ప్యానెళ్ల పొడవు ఎక్కువగా 36 అంగుళాలు. లోతు మాత్రం 12, 15, 18, 24 అంగుళాల్లో దొరుకుతుంది. లోతు ఎక్కువైతే సామాను ఎక్కువ పడుతుందని 24 కొనేస్తారు. ఇళ్లలో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది. 24 అంగుళాల అరలో ముందు వరుస, వెనక వరుస ఏర్పడతాయి. వెనక వరుసలో ఏముందో రెండు నెలల్లో మరిచిపోతాం. అవే మళ్లీ కొంటాం. అప్పడాల ప్యాకెట్లు, ఫినాయిల్ సీసాలు, బల్బులు ఇంట్లో రెండేసి మూడేసి ఉండడానికి కారణం చాలాసార్లు ఈ వెనక వరుసే.

ఇంటి సామాన్ల గదికి 15 అంగుళాలు సరైన లోతు. డబ్బాలు, పచ్చడి జాడీలు, ప్లాస్టిక్ టబ్బులు ఒకే వరుసలో పడతాయి, చెయ్యి వెనక గోడదాకా పోతుంది. పెద్ద గిన్నెలు, బూరెల మూకుడు, గంగాళం, సూట్‌కేసులు పెట్టే ర్యాక్‌కు 18 తీసుకోవచ్చు. ఫైళ్లకు 12 చాలు. లివర్ ఆర్చ్ బాక్స్ ఫైలు లోతు సుమారు 11 అంగుళాలే ఉంటుంది కాబట్టి 15 తీసుకుంటే వెనక నాలుగు అంగుళాలు వృథా. పైగా ఒక్కో ఫైలు ఒక్కో లోతున నిలబడి వరుస వంకరగా కనబడుతుంది. 24 అంగుళాలది గది మధ్యలో నిలబెట్టి రెండు వైపుల నుంచీ తీసుకునే వీలుంటేనే కొనండి.

గేజ్: కంటితో కాదు, కాటాతో

గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 14 గేజ్ అంటే 2 మి.మీ., 16 అంటే 1.6, 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7, 24 అంటే 0.55. షాపులో "పద్దెనిమిది గేజ్ అండీ" అన్నప్పుడు అది యాంగిల్‌దా, ప్యానెల్‌దా అని అడగాలి. రెండూ వేరు. యాంగిల్ 14 గేజ్ అని గట్టిగా చెప్పి, ప్యానెల్ మాట ఎత్తకుండా 24 గేజ్ రేకు వేసి అమ్మడం మామూలే. ఇంట్లో పెట్టే బరువుకు యాంగిల్ వంగిపోవడం అరుదు. వంగేది ప్యానెల్. అందుకని ఖర్చు తగ్గించుకోవాలంటే యాంగిల్‌ను 16 గేజ్‌కు దించండి కానీ ప్యానెల్‌ను మాత్రం 20 గేజ్ కంటే పలచబడనివ్వకండి. చెప్పులు, ఖాళీ టబ్బులు, బొంతలు లాంటి తేలికవాటికి 22 గేజ్ ఫరవాలేదు. 24 గేజ్ ఏ అరకూ వద్దు.

మందం కొలవడానికి వెర్నియర్ తీసుకెళ్లేవాళ్లూ ఒకచోట దెబ్బతింటారు. పౌడర్ కోటింగ్ మందం ఒక్కో వైపు 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది. రెండు వైపులా కలిపితే 0.12 నుంచి 0.16 మి.మీ. అంటే 0.55 ఉన్న 24 గేజ్ రేకు రంగుతో కలిపి 0.7 చూపిస్తుంది, అచ్చం 22 గేజ్ లాగే. వెర్నియర్ అంకెలోంచి 0.15 తీసేసి చూసుకోవాలి.

అంతకంటే నమ్మకమైనది తూకం. 1 మి.మీ. మందం ఇనుప రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. 36 బై 15 ప్యానెల్‌కు నాలుగు అంచుల మడతలు కలిపితే దాదాపు 0.46 చదరపు మీటర్ల రేకు పడుతుంది. ఆ లెక్కన 20 గేజ్ ప్యానెల్ 3.2 కిలోలు, 22 గేజ్‌ది 2.5, 24 గేజ్‌ది 2 కిలోల చుట్టుపక్కల ఉండాలి. మడత వెడల్పును బట్టి వంద, రెండు వందల గ్రాములు అటూ ఇటూ అవుతుంది కానీ ఒక గేజ్‌కూ ఇంకో గేజ్‌కూ మధ్య తేడా దాగదు. ప్రతి షాపులో కాటా ఉంటుంది, ఒక ప్యానెల్ దాని మీద పెట్టమని అడగండి. అలాగే 40 బై 40 మి.మీ. యాంగిల్ 14 గేజ్‌ది 7 అడుగుల ముక్క 2.3 కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, 16 గేజ్‌ది 1.9. మొత్తం ఐదు అరల ర్యాక్ 14 గేజ్ యాంగిల్, 20 గేజ్ ప్యానెళ్లతో 26 కిలోల దగ్గర ఉంటుంది. 16, 24 గేజ్‌లతో చేసినది 18, 19 కిలోల దగ్గరే ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా వివరాల్లో "వస్తువు బరువు" అన్న గడి చూడండి. గేజ్ గురించి ఎన్ని విశేషణాలు రాసినా ఆ అంకె అసలు సంగతి చెప్పేస్తుంది.

కొన్నిచోట్ల ర్యాక్‌ను కిలోల లెక్కన అమ్ముతారు, కొన్నిచోట్ల ఒక్కో ర్యాక్‌కు ఇంత అని. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి ఇనుప సామాన్ల బజారులో రెండూ అడిగి, ర్యాక్ ధరను దాని బరువుతో భాగించి చూస్తే ఏది నయమో తెలుస్తుంది. బిల్లులో యాంగిల్ గేజ్, ప్యానెల్ గేజ్, ప్యానెళ్ల సంఖ్య విడివిడిగా రాయించుకోండి. "ర్యాక్ ఒకటి" అని మాత్రమే రాసిన బిల్లుతో తర్వాత ఏమీ అడగలేం.

ఎంత బరువు పెట్టొచ్చు

"ఒక్కో అరకు వంద కిలోలు" అన్న మాటకు అర్థం, ఆ వంద కిలోలు అరంతా సమానంగా పరిచినప్పుడు అని. ఒకే బియ్యం బస్తాను నడిమధ్యన కూర్చోబెడితే లెక్క మారిపోతుంది. 36 బై 15, 20 గేజ్ ప్యానెల్ మీద 50, 60 కిలోలు దాటించకపోవడం మంచిది. అంతకు మించితే ప్యానెల్ కింద పొడవునా ఒక అడ్డపట్టీ వేయించండి. మడిచిన రేకు పట్టీనే స్పాట్ వెల్డింగ్ చేసి ఇస్తారు. 18, 24 అంగుళాల లోతు ప్యానెళ్లకు ఈ పట్టీ తప్పనిసరి. అది లేకపోతే మధ్యలో గుంటపడి, పెట్టిన డబ్బాలన్నీ ఒకదాని మీదికి ఒకటి వాలతాయి.

బియ్యం బస్తాలకైతే అన్నింటికంటే కింది అరే. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యంపై 5 శాతం జీఎస్‌టీ వచ్చాక మన దగ్గర 26 కిలోల బస్తాలు వాడుకలోకి వచ్చాయి. అవి రెండు పక్కపక్కన పెడితే 52 కిలోలు, కింది అరకు సరిగ్గా సరిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

కాగితం బరువును అందరూ తక్కువ అంచనా వేస్తారు. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే) ఏ4 కాగితం 500 షీట్ల కట్ట 2.34 కిలోలు. పది కట్టల పెట్టె 23 కిలోలు దాటుతుంది. నిండిన లివర్ ఆర్చ్ ఫైలు అట్టతో కలిపి 2.7 కిలోలు ఉంటుందనుకుంటే, వీపు 3 అంగుళాల వెడల్పు కాబట్టి 36 అంగుళాల అరలో 12 ఫైళ్లు పడతాయి. అంటే 32 కిలోలు. ఫైళ్లు నిలబెడితే బరువు సమానంగా పరుచుకుంటుంది కాబట్టి 20 గేజ్‌కు ఇది సునాయాసం. కాగితపు పెట్టెలు రెండు వరుసలు పేర్చితేనే ప్రమాదం.

ఇన్వర్టర్ బ్యాటరీని ర్యాక్ మీద పెట్టకండి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ నీళ్లతో కలిపి 50 కిలోల పైనే ఉంటుంది. చార్జింగ్‌లో దాని నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి చుట్టూ ఉన్న ఇనుమును తినేస్తుంది. దాని చోటు గాలి ఆడే మూలలో, నేల మీద, ప్లాస్టిక్ ట్రాలీలో.

అరల మధ్య ఎడం

షాపువాళ్లు బిగించి ఇస్తే అన్ని అరలకూ సమానమైన ఎడం ఇస్తారు, వాళ్లకు అదే తేలిక. ఏడడుగుల ర్యాక్‌ను ఇంటికి ఇలా అడగండి. మొదటి ప్యానెల్ నేలకు 5 అంగుళాల ఎత్తున. చీపురు, తడిగుడ్డ కిందకు పోవాలి, బొద్దింకలు చేరితే కనబడాలి. దాని పైన 24 అంగుళాల ఎడం, బియ్యం, పెద్ద డ్రమ్ములకు. ఆ పైన 20, 18, 17. మొత్తం 84 అంగుళాలు. 49వ అంగుళం దగ్గర వచ్చే మూడో ప్యానెల్ మనిషి కంటికీ చేతికీ అందే అసలైన చోటు. వారం వారం తీసేవన్నీ దాని మీద. అన్నింటికంటే పైది స్టూలు వేసుకుంటే తప్ప అందదు కాబట్టి అక్కడ ఏడాదికోసారి దించే తేలికవే ఉండాలి. కొలువు బొమ్మల పెట్టెలు, ఖాళీ సూట్‌కేసులు. బరువైన ఇత్తడి సామాను పైన పెడితే దించేటప్పుడు మనిషికి ప్రమాదం, ర్యాక్ కూడా ముందుకు ఒరుగుతుంది.

ఫైళ్ల ర్యాక్‌కు లెక్క ఇంకా కచ్చితం. ఫైలు ఎత్తు సుమారు 14 అంగుళాలు, ప్యానెల్ మడతకు ఒక అంగుళం, వేలు పెట్టి లాగడానికి ఒక అంగుళం, కలిపి 16. మొదటి ప్యానెల్ నేలకు 4 అంగుళాల మీద వేసి, 16 చొప్పున ఐదు ఎడాలు ఇస్తే సరిగ్గా 84 అంగుళాలు. ఆరు ప్యానెళ్లు, ఐదు వరుసలు, 60 ఫైళ్లు. ఐదు ప్యానెళ్ల ర్యాకే తెచ్చుకుంటే నాలుగు వరుసలే వస్తాయి, ప్రతి ఫైలు మీదా ఐదంగుళాల ఖాళీ మిగిలి అక్కడ విడి కాగితాలు చేరతాయి. అదనపు ప్యానెల్ ఒక్కటి కొనడం కంటే చవకైన సర్దుబాటు ఆఫీసులో ఇంకోటి ఉండదు.

బిగించడం

ఇద్దరు మనుషులు, గంటన్నర. ఎక్కువ ర్యాక్‌లకు 8 మి.మీ. బోల్టులు వస్తాయి, వాటికి 13 నంబరు పానా రెండు కావాలి. ఒకటి నట్టుకు, ఒకటి బోల్టు తలకు. ఒక్కో ప్యానెల్‌కు మూలకు రెండు చొప్పున 8 బోల్టులు, ఐదు ప్యానెళ్లకు 40. లెక్కపెట్టుకుని, నాలుగైదు ఎక్కువే అడిగి తెచ్చుకోండి. షాపువాళ్లు మూలకు ఒక్క బోల్టే వేసి వదిలేయడం కద్దు. ఊగే ర్యాక్‌లలో చాలావాటికి కారణం అదే.

ముందు రెండు యాంగిళ్లు నేల మీద పడుకోబెట్టి, అడుగు ప్యానెల్‌నూ పై ప్యానెల్‌నూ చేత్తో తిప్పినంత వరకే బిగించాలి. తర్వాత మిగతా రెండు యాంగిళ్లు. బెజ్జాలను కింది నుంచి లెక్కపెట్టి నాలుగు కాళ్లకూ ఒకే నంబరు బెజ్జంలో బోల్టు వేయాలి. కొన్ని యాంగిళ్లలో బెజ్జాల అమరిక పై కొసన ఒకలా, కింది కొసన ఒకలా ఉంటుంది. ఒక్క కాలు తలకిందులైతే అర కొన్ని మిల్లీమీటర్లు వంకరపోతుంది. ఎంత బిగించినా ఆ వంకర పోదు.

ర్యాక్‌ను నిలబెట్టాక, పానా పట్టేముందు, వెనక వైపు ఐమూలగా టేపు పట్టి రెండు కొలతలూ తీసుకోండి. పై ఎడమ నుంచి కింది కుడికి, పై కుడి నుంచి కింది ఎడమకు. రెండిటికీ 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ర్యాక్ పక్కకు వాలి ఉందని అర్థం. చేత్తో నెట్టి సరిచేసి, అప్పుడు పూర్తిగా బిగించాలి. మధ్య ప్యానెళ్లు ఆ తర్వాతే. పైనా కిందా మూలల్లో వేసే ముక్కోణపు కార్నర్ ప్లేట్లు తప్పక అడగండి. పక్కకు ఊగకుండా ఆపేవి అవే. కొన్ని షాపుల్లో అడిగితేనే ఇస్తారు.

ప్యానెల్ మడత కిందికి ఉండాలి. సీసాలు జారిపోకుండా ఉంటాయని మడత పైకి పెట్టి తట్టలా బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే బరువు మీద పడ్డప్పుడు పై అంచు నొక్కుకుపోయి ప్యానెల్ త్వరగా వంగుతుంది, దుమ్ము కూడా తుడవడానికి రాదు.

ఏడడుగుల ఎత్తు, అడుగు లోతు ఉన్న ర్యాక్ తనంతట తాను నిలబడినట్టే కనబడుతుంది కానీ, పిల్లలు అర మీద కాలు పెట్టి ఎక్కితే ముందుకు పడిపోతుంది. కాబట్టి పై కొసన రెండు చోట్ల గోడకు బిగించాల్సిందే. ఎర్ర ఇటుక గోడైతే ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగేలా ప్లగ్గు వేస్తే చాలు. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్లటి తేలికపాటి ఏఏసీ బ్లాకులు వాడుతున్నారు. వాటిలో లోపల విచ్చుకునే ఇనుప యాంకర్ వేస్తే బ్లాకు పగిలి పొడి రాలుతుంది. వాటికి పొడుగాటి నైలాన్ ప్లగ్గులు వాడాలి, డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో కాకుండా మామూలుగా తిప్పాలి. అద్దె ఇంట్లో గోడకు బెజ్జం వద్దంటే ఐదడుగుల ర్యాక్ తీసుకోండి, లేదా రెండు ర్యాక్‌లను వీపులు కలిపి నిలబెట్టి యాంగిళ్లను ఒకదానికొకటి బోల్టులతో కట్టేయండి.

కాళ్ల కింద ప్లాస్టిక్ షూ లేదా ఇనుప బేస్ ప్లేట్ వేయకపోతే, మొత్తం బరువు యాంగిల్ పలచటి అంచు మీద పడుతుంది. 250 కిలోల సామానుంటే ఒక్కో కాలి మీద 60 కిలోల పైన. కింద గుల్లగా ఉన్న టైలు దానికి పగులుతుంది. మార్బుల్ మీదైతే తుప్పు మరక దిగి ఇక పోదు.

తుప్పు, పదును, శబ్దం

రంగు వేశాక సైజుకు కోసిన యాంగిల్ కొసల్లో ఇనుము బయటపడి ఉంటుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. కొన్న రోజే కొసలకు, గీతలు పడ్డ చోట్లకు ప్రైమర్ రాసి పైన ఎనామెల్ పూయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు నల్ల బోల్టులు వద్దు, జింక్ పూత వేసినవి అడగండి. ఏ ఊళ్లోనైనా పచ్చడి జాడీ కింద ప్లాస్టిక్ పళ్లెం ఉండాలి. ఊట కారితే అందులోని ఉప్పు రంగు కిందికి దూరి రేకును తినేస్తుంది, పైకి రంగు బాగానే ఉండి లోపల పొక్కు లేస్తుంది. అరల మీద న్యూస్‌పేపర్ పరవడం కూడా మంచిది కాదు. చెమ్మను పట్టి ఉంచుతుంది, కాగితం తినే పురుగులకు చోటవుతుంది. తుడవడానికి వీలైన వినైల్ షీటు వేస్తే గిన్నె పెట్టినప్పుడల్లా వచ్చే రేకు చప్పుడూ తగ్గుతుంది.

ప్యానెల్ అంచు లోపలికి రెండో మడత తిరిగి ఉందో లేదో వేలితో తడిమి చూడండి, జాగ్రత్తగా. ఒక్క మడతతో వదిలేసిన అంచు చేతిని కోస్తుంది. రెండో మడత ఉంటే చెయ్యి తెగదు, ప్యానెల్ కూడా గట్టిగా ఉంటుంది. కొనే ముందు చేత్తో చూసుకోదగ్గ పరీక్షల్లో ఇది మొదటిది.

వేరే దారులు

ప్లైవుడ్ అరలు చూడ్డానికి బాగుంటాయి, కానీ చెమ్మ గోడను ఆనుకుంటే చెద భయం, మళ్లీ ఎత్తు మార్చలేం. బోల్టులు లేకుండా తట్టి బిగించే ర్యాక్‌లు పది నిమిషాల్లో నిలబడతాయి. వాటి అరలు చాలావాటిలో అట్టలాంటి చెక్క పలక, తడి తగిలితే ఉబ్బుతుంది. పొడి ఆఫీసు గదికి ఫరవాలేదు, వంటింటి పక్క గదికి వద్దు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో తెరిచిన ఐకియాలో హిల్లిస్ పేరుతో జింక్ పూత ర్యాక్ ఉంటుంది. 60 సెం.మీ. వెడల్పు, 27 లోతు, అరకు 25 కిలోలు. బాల్కనీలో కుండీలకు, స్నానాల గది బయట సబ్బులకు చక్కగా ఉంటుంది. బియ్యానికీ ఫైళ్లకూ అది చేసింది కాదు.

స్లాటెడ్ యాంగిల్ ర్యాక్‌ను హాల్లో పెట్టమని చెప్పను. అందం తక్కువ, మూలలు పదును. పాకే పిల్లలున్న ఇంట్లో తలుపు వేసుకునే గదిలోనే ఉండాలి. దుమ్ము పడకూడని పట్టుబట్టలకు బీరువాయే దారి.

బొమ్మల కొలువు మెట్లకు ఇవే యాంగిళ్లు, ప్యానెళ్లతో సెట్లు అమ్ముతారు. పొడవు 36, లోతు 12 ఉన్నవి తీసుకుంటే పండగ అయ్యాక ఆ ప్యానెళ్లు ఫైళ్ల ర్యాక్‌లో అదనపు అరలుగా కూర్చుంటాయి, మెట్లను విడిగా అటక మీద దాచాల్సిన పనుండదు.

ఇల్లు మారేటప్పుడు విప్పే ముందు నాలుగు కాళ్లకూ మార్కరుతో 1, 2, 3, 4 అని, పై కొస ఏదో తెలిసేలా బాణం గుర్తు వేయండి. ప్రతి ప్యానెల్ ఏ నంబరు బెజ్జంలో ఉందో దాని అడుగునే రాయండి. బోల్టులు, కార్నర్ ప్లేట్లు ఒక గుడ్డ సంచిలో వేసి అడుగు ప్యానెల్‌కు కట్టేయండి. కొత్త ఇంట్లో సామాను దించకముందే ర్యాక్ నిలబెట్టగలిగితే పెట్టెల్లోవి నేరుగా అరల్లోకి వెళతాయి. తీరా ర్యాక్ అక్కర్లేదనుకుంటే, బరువు రాసి ఉన్న పాత బిల్లు చూపిస్తే తుక్కు ధర కంటే మెరుగ్గా సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దొరుకుతారు.